కనకం పేరున నడిచిన నడక

మనవాళ్ళకి ఒంట్లో బాగోలేదంటే ముందు గుర్తొచ్చేది మందు కాదు, మంచం. జ్వరమా, పడుకో. నడుం నొప్పా, పడుకో. కేన్సరా, అయ్యో రామా, ఇంక లేవనే లేవకు. మంచినీళ్ళు నోటికి అందిస్తారు, స్నానానికి ఇద్దరు చెరో రెక్కా పట్టుకుంటారు, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ గుమ్మంలోంచే "లేవకండి, లేవకండి" అంటారు. మా నాన్నని గడ్డ చంపలేదు, మంచం చంపింది. ఈ మాట అంటే మా చుట్టాల్లో సగం మంది నాతో మాట్లాడరు. మానేస్తే మానెయ్యనీ, నాకేం.

నా పేరు వకుళ. ఫిజియోథెరపిస్టుని. కేన్సర్ ఉన్నవాళ్ళ చేత వ్యాయామం చేయించడం నా వృత్తి. విశాఖపట్నం మహారాణిపేటలో ఒక మేడ మీద పొడుగాటి హాలు తీసుకుని బోర్డు పెట్టిన కొత్తలో, నా దగ్గరికి వచ్చేవాళ్ళకంటే కింద కళ్ళజోళ్ళ షాపు అనుకుని మెట్లెక్కేవాళ్ళే ఎక్కువ. కేన్సర్ డాక్టర్లని కలిసి "మీ పేషెంట్లని పంపండి, కండ నిలబడితే మందు తట్టుకుంటారు" అని బతిమాలేదాన్ని. వాళ్ళు మర్యాదగా టీ ఇచ్చి పంపేసేవాళ్ళు. ఇళ్ళకెళ్తే "ఇప్పుడీ స్థితిలో కసరత్తులేంటమ్మా, నీకసలు మనసుందా?" అని ఆడవాళ్ళు తలుపేసేవాళ్ళు.

అలాంటి రోజుల్లో పరాంకుశం గారు నా మెట్లెక్కారు. ఆయన కేన్సర్ డాక్టరు. రోగుల్ని చూసే వేళ తప్పితే మిగతా వేళంతా తన ఆసుపత్రి వెనకున్న లేబొరేటరీలోనే ఉంటారు. వస్తూనే నమస్కారమైనా పెట్టకుండా ఒక రబ్బరు పట్టీ తీసి నా పిక్కకి చుట్టి, "నడవండి" అన్నారు.

పిచ్చాయనలా ఉన్నాడే అనుకుంటూనే నడిచాను. హాలు చుట్టూ తిరిగి తిరిగి చెమట పట్టాక పట్టీ మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది.

"చూశారా! పని చేసిన కండ రక్తంలోకి ఒక కబురు పంపుతుందండీ, నేను గట్టిగా ఉన్నాను అని. ఈ పట్టీ ఆ కబురుని చెమటలో చదువుతుంది."

"చదివి?"

"మందు పెట్టెకి చెప్తుంది."

మందు పెట్టె అంటే నడుముకి కట్టుకునే చిన్న పంపు. ఛాతీలో అమర్చిన సన్నటి గొట్టంలోంచి ఇంటి దగ్గరే కీమో మందు కొద్దికొద్దిగా ఎక్కిస్తుంది. అంతకుముందు మనిషి ఎత్తూ బరువూ చూసి మందు కొలిచేవాళ్ళు. ఈ పట్టీతో అలా కాదు, ఒంట్లో ఎంత ఓపిక ఉంటే అంత మందు. నడిచి కండ నిలబెట్టుకున్న మనిషికి మందు గట్టిగా పడుతుంది, గడ్డకి దెబ్బ గట్టిగా తగులుతుంది. నీరసపడ్డవాడికి పెట్టె తనంతట తనే తగ్గించేస్తుంది. ఇన్నేళ్ళూ నేను గొంతు చించుకుని చెప్పింది ఆ పట్టీ ఒక దీపం వెలిగించి చెప్పేసింది.

"వేరేవాళ్ళు కట్టుకుంటే ఎలాగండీ?" అని అడిగాను.

"ఒక్కరి చెమటకే పలికేలా తాళం పెట్టి చూశానండీ. మందు పడేకొద్దీ మనిషి చెమటే మారిపోతుంది, సొంత రోగినే గుర్తుపట్టక బయటికి తోసేస్తోంది. తీసేశాను. అయినా ఎవరు కట్టుకుంటారండీ, ఇదేమైనా వెండి పట్టీల జతా?"

ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ తర్వాత హాలు నిండింది. పరాంకుశం గారు మందు రాస్తే నేను నడక రాసేదాన్ని. ఎవరికి ఎంత నడక, ఎవరికి ఎంత బరువు, ఎవరికి కుర్చీలో కూర్చుని కాలెత్తితే చాలు, అన్నీ నా చేతిలో. నన్ను పంపేసిన డాక్టర్లే ఫోన్ చేసి "వకుళ గారూ, మా పేషెంటు ఒకావిడ ఉన్నారు" అనడం మొదలెట్టారు. ఒకప్పుడు లారీ ఆఫీసు నడిపిన బంగార్రాజు గారిని ఆయన కొడుకులు కుర్చీతో సహా మోసుకొచ్చారు. మూడు నెలలు తిరిగేసరికి ఆ మనిషి తన కాళ్ళ మీద మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి మీసం తిప్పాడు. ఆ రోజు నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. సిగ్గేం, ఏడ్చాను.

కనకం వచ్చింది ఎండాకాలంలో. ఆర్టీసీ కండక్టరు. పెళ్ళి పెటాకులై పుట్టింటికి వచ్చేసింది, ఇంట్లో తల్లీ తనే. పొట్టలో గడ్డ. అది పెద్ద రక్తనాళాన్ని పట్టుకుని కూర్చుంది. మందుతో చిన్నదై దసరా నాటికి ఆ నాళాన్ని వదిలితే కోసి తీసెయ్యొచ్చు, బతుకుతుంది. వదలకపోతే కొయ్యడానికి లేదు. పరాంకుశం గారు దాచకుండా చెప్పారు, కనకం కళ్ళార్పకుండా విన్నది.

వెనకాలే తల్లి వరహాలమ్మ గారు, చంకలో దిండు, చేతిలో ఫ్లాస్కు.

"ఆ దిండెందుకండీ?" అన్నాను.

"పిల్ల అలిసిపోతే ఆనుకుంటాది కదమ్మా."

"ఇక్కడ ఆనుకోడాలు ఉండవు. దిండు బయట పెట్టి రండి."

"ఒలమ్మో! ఈవిడేటే, జైలు సూపరింటెండెంటులాగుంది!" అన్నది ఆవిడ నా ఎదురుగానే. కనకం పకపకా నవ్వింది.

"మేడమ్, పదేళ్ళు బస్సులో నిలబడ్డదాన్ని. కదిలే బస్సులో నిలబడి చిల్లర లెక్కపెట్టి ఇచ్చేదాన్ని. నాకు నడవడం నేర్పుతారేటి?" అంటూనే పట్టీ కట్టుకుని బయల్దేరింది. రెండో రోజుకల్లా హాలంతా దాని రాజ్యమైపోయింది. ముందు తను, వెనక మిగతావాళ్ళు. కిటికీ దగ్గరికి రాగానే "జగదాంబ, జగదాంబ దిగండి!", కుర్చీల దగ్గర "మద్దిలపాలెం!", ఎవరైనా ఆయాసపడి ఆగితే "హోల్డాన్! ముసలాయన ఎక్కుతున్నాడు!" ఆ ముసలాయన బంగార్రాజు గారు. "నేను ముసలాణ్ణేటే, గుంటా" అని కర్ర ఎత్తేవాడు. కనకం "రైట్ రైట్!" అనేసరికి అందరూ మళ్ళీ కదిలేవాళ్ళు. కేన్సర్ రోగులు నవ్వుకుంటూ నడవడం నేను అప్పుడే చూశాను.

మొదటి రెండు విడతల మందు అయ్యాక స్కాన్ తీస్తే గడ్డ చిక్కి చిన్నదైంది. పరాంకుశం గారు ఆ బొమ్మని దీపానికి ఎత్తిపట్టి, పెళ్ళికూతురి ఫొటో చూసినట్టు మురిసిపోయారు. "ఇంకొంచెం, వకుళ గారూ. ఇంకొంచెం వదిలితే చాలు."

ఆషాఢం దాటాక మందు ఒంటిని పట్టి పీడించడం మొదలెట్టింది. నోట్లో పుళ్ళు, తిన్నది నిలవదు. గోపాలపట్నం నుంచి మహారాణిపేట దాకా ఆటోలో రావడం కష్టమై, ఇంట్లోనే నడవమని చెప్పి వారానికోసారి నేనే వెళ్ళొస్తున్నాను. ఇలాంటప్పుడు పట్టీ ఏం చెయ్యాలి? నీరసం చదివి మందు తగ్గించాలి. కనకం పట్టీ మాత్రం రోజూ ఆకుపచ్చగా వెలుగుతోందని కంప్యూటర్ చెప్తోంది.

"ఇదెలాగండీ? మనిషి మంచం పట్టేలా ఉంటే దీపం వెలగడమేంటి?" అని పరాంకుశం గారిని నిలదీశాను.

"మీ శిక్షణ అలాంటిది మరి! పైకి నీరసంగా కనిపిస్తోంది, కండ నిలబడింది. రక్తం కాస్త తగ్గింది గానీ భయపడేంత కాదు. సోమవారం ఎలాగూ మళ్ళీ చూస్తాం కదా," అన్నారు ఆయన. నన్ను పొగిడితే నేనూ మనిషినే కదా, నోరు మూసుకున్నాను.

అయినా మనసు ఊరుకోలేదు. నా రోజు కాకపోయినా మధ్యాహ్నం ఆటో ఎక్కి గోపాలపట్నం వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల కనకం గోడవైపు తిరిగి పడుకుని ఉంది, నడుముకి మందు పెట్టె టిక్కుటిక్కుమంటోంది. కాలు చూశాను. పిక్క మీద పట్టీ లేదు. పట్టీ ఒరుసుకుని ఎర్రగా కమిలిన చోటు మాత్రం ఉంది.

పైన డాబా మీద అడుగుల చప్పుడు.

మెట్లెక్కాను. మండే ఎండలో, ఒట్టి కాళ్ళతో, వరహాలమ్మ గారు నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరుగుతున్నారు. చీర పిక్కల పైకి దోపి ఉంది. పట్టీ ఆవిడ కాలికుంది. ఎడమ మోకాలు నొప్పి కాబట్టి ఒక పక్కకి ఒరుగుతూ, రెండు చేతులూ జోడించి, సింహాచలం కొండ ఎదురైనప్పుడల్లా అటు తల వంచుతూ, కూతురి నిండు పేరుతో "కనకమాలక్ష్మి నడక, మా కనకమాలక్ష్మి నడక" అంటూ చుట్టు తర్వాత చుట్టు వేస్తున్నారు. నేను చూస్తుండగానే పట్టీ మీద దీపం వెలిగింది.

"వొచ్చీసింది!" అని ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, తిరిగి నన్ను చూశారు. భయపడలేదు, సిగ్గుపడలేదు. మొహం వెలిగిపోతోంది.

"సూసీసావేటి తల్లీ! దానికి ఓపిక లేదమ్మా. దీపం రాలేదని బెంగెట్టుకుంటోంది. ఏటా ఆషాఢ పున్నానికి కొండ సుట్టూ నడుస్తాను కదా. దీనికి సిన్నప్పుడు అమ్మోరు పోస్తే దీని పేరు సెప్పుకునే నడిసాను, లేసి కూకుంది. ఈ ఏడు దీన్నొదిలీసి కొండకి ఎల్లలేకపోయాను. అందుకే ఇక్కడే తిరుగుతున్నాను. అది పట్టీ ఇప్పీసి పడుకున్నపుడు నాను కట్టుకుని, నడక దానికిచ్చీస్తున్నాను. ఎవురికీ సెప్పకు తల్లీ. సెప్పుకుంటే పలం పోతాది."

ఏం చెప్పను? ఈ ఊళ్ళో పుట్టిపెరిగినదాన్ని. మొగుడికి జబ్బైతే పెళ్ళాం, మనవడికి పరీక్షలైతే నాయనమ్మ, వాళ్ళ పేరు చెప్పుకుని గిరిప్రదక్షిణం చెయ్యడం ఏటేటా చూస్తూనే ఉన్నాను. ఒకరి కాళ్ళతో నడిచి ఇంకొకరికి ఇవ్వడం ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. పరాంకుశం గారి పట్టీకే తెలీదు. కింద మంచం మీద కనకం కరిగిపోతుంటే, డాబా మీద గట్టి కాళ్ళ ముసలావిడ నడుస్తుంటే, పట్టీ ఆ గట్టితనం చదివి కనకం నడుముకున్న పెట్టెకి చెప్పింది. పెట్టె నమ్మి, రోజురోజుకీ మందు పెంచుతూ పోయింది.

పట్టీ ఊడబీకి కిందికి పరిగెత్తాను. పెట్టె ఆపేసి కనకం నుదుటి మీద చెయ్యి వేశాను. కాలిపోతోంది.

ఆసుపత్రిలో రక్తం చూస్తే ఇంక రక్తకణాలంటూ దాదాపు లేవు. ఎముకల్లో మూలుగ ఎండిపోయింది. ఒళ్ళంతా చీము పాకింది. ఎక్కించగలిగినవన్నీ ఎక్కించారు. పరాంకుశం గారు గాజు తలుపు అవతల అటూ ఇటూ తిరుగుతూ "పట్టీ చెప్పింది కదా, బాగుందని చెప్పింది కదా" అని తనలో తనే గొణుక్కుంటున్నారు. నేను ఆయనకి చెప్పబోయి, ముందు కనకాన్ని చూసొస్తానని లోపలికి వెళ్ళాను. ఆ వెళ్ళడమే నా కొంప ముంచింది.

కనకం పెదాలు పగిలి నల్లబడ్డాయి. మాట గాలిలా వస్తోంది. అయినా నన్ను చూడగానే అడిగింది.

"అమ్మ కట్టుకుంది కదా మేడమ్?"

"నీకు తెలుసా?"

"ఒకసారి కళ్ళు తెరిచి చూసాను. పట్టీ పట్టుకుని పిల్లిలా మెట్లెక్కుతోంది. నవ్వొచ్చింది. పోన్లే, ముసల్దానికి తృప్తి, నాలుగు చుట్లు తిరిగొస్తుందిలే అనుకున్నాను. రోజూ అనుకోలేదు. మందు అలా పెరుగుతుందని..." ఆగి ఊపిరి తీసుకుంది. "బుర్ర పని చెయ్యలేదు మేడమ్ అప్పుడు."

ఆ గదిలో అరవకూడదని కూడా మర్చిపోయి, "ఎంత పని చేశారే తల్లీ కూతుళ్ళూ!" అన్నాను.

"అమ్మకి చెప్పకండి."

"కనకం..."

"నన్ను తన కాళ్ళతో తనే చంపుకుందని తెలిస్తే అది బతుకుతుందా? నూతిలో దూకుతుంది. నాకు తెలుసు కదా మా అమ్మ. మాటివ్వండి."

"మరి రేపు నన్ను అడిగితే ఏం చెప్పను? ఈ పట్టీ ఎలా చంపిందని అందరూ అడిగితే?"

"పట్టీయే తప్పు చేసిందని చెప్పండి. పట్టీకేటి, దానికి పిల్లలున్నారా?"

నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో ఓపిక అసలు లేదు. మాటిచ్చాను. ఇవ్వకుండా ఆ గదిలోంచి బయటికి రాగల మనిషి ఎవరైనా ఉంటే నాకు చూపించండి, కాళ్ళకి దణ్ణం పెడతాను.

వినాయక చవితి ఇంకా రాకముందే కనకం పోయింది.

ఊరికే పోతుందా అంత మాట? విచారణ వేశారు. ఊళ్ళో పెద్ద డాక్టర్లు నలుగురు బల్లకి అటు పక్క, మేం ఇటు పక్క. అంతకుముందు రోజు పరాంకుశం గారు నన్ను లేబొరేటరీకి పిలిచి తెర మీద గీతలు చూపించారు. పట్టీ పంపిన అడుగుల గీతలు. ఉదయం పూట నడక ఒకలా ఉంది, మధ్యాహ్నం నడక మరోలా ఉంది. మధ్యాహ్నం గీతలు ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి.

"ఇది ఆ అమ్మాయి నడక కాదు వకుళ గారూ. మీరు ఇన్నేళ్ళ నుంచి మనుషుల నడక చూస్తున్నారు, మీకు తెలీదా? ఆ రోజు ఆ ఇంటికి వెళ్ళింది మీరు. ఏం చూశారు?"

"పడుకుని ఉంది."

"ఇంకెవరైనా కట్టుకున్నారని తేలితే తప్పు పట్టీది కాదు, తాళానిది. ఈసారి చెమటతో కాదు, నడకతో తాళం పెడతాను, నాకు దారి తెలిసింది. ఇన్ని వందలమంది లేచి తిరుగుతున్నారు. ఈ గీతలొక్కటే చూపిస్తే నీరసానికి కాలీడ్చిందంటారు, ఒక్క మాట చెప్పండి. చెప్పకపోతే అంతా పోతుంది. నాది పోతే పోనీ, మీది కూడా పోతుంది."

ఏళ్ళ తరబడి ఆ పట్టీకే జీవితం ధారపోసిన మనిషి. ఆయన మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నేను బ్యాగు తీసుకుని బయటికి వచ్చేశాను.

విచారణలో వరహాలమ్మ గారిని పిలిచారు. తెల్లబోయిన మొహంతో కొంగు కప్పుకుని కుర్చీ అంచున కూర్చున్నారు. పెద్ద డాక్టరు మెల్లిగా అడిగాడు.

"అమ్మా, మీ అమ్మాయి రోజూ నడిచేదా?"

"నడిసింది బాబూ. రోజూ నడిసింది. దీపం ఎలగని రోజు లేదు."

"అంత నీరసంలో కూడానా?"

"నడిసింది బాబూ. దాని నడకే అదంతా."

పరాంకుశం గారు కుర్చీలోంచి లేచారు. "అమ్మా, గుర్తు తెచ్చుకోండి. ఆ పట్టీ ఇంకెవరైనా కట్టుకున్నారా?"

వరహాలమ్మ గారు ఆయన్ని చూడలేదు, నన్ను చూశారు. చెప్పుకుంటే ఫలం పోతుందన్న మాట నా ఒక్కదానికే తెలుసు కదా, ఆ నమ్మకంతో చూశారు. పోయిన కూతురికి ఇచ్చిన ఫలం అక్కడైనా అందాలని ఆవిడ తాపత్రయం.

"దాని పట్టీ దాందే బాబూ," అన్నారు.

"వకుళ గారూ, మీరు చెప్పండి," అన్నారు పరాంకుశం గారు.

గది గదంతా నా వైపు తిరిగింది. నాలుక చివర దాకా వచ్చింది. చెప్తే నా హాలు నిలబడుతుంది, బంగార్రాజు గారు నిలబడతారు, ఆ కుర్చీలో కూర్చున్న తల్లి మాత్రం అక్కడికక్కడే కూలిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, రెండూ ఒకేసారి చూశాను.

"నేనేం చూడలేదండీ," అన్నాను.

పరాంకుశం గారు కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు.

పట్టీలన్నీ వెనక్కి తీసుకున్నారు. పెట్టెలు ఆపేశారు. నిర్ణయం రాసినవాళ్ళు పట్టీ సంగతే రాశారు గానీ, ఊరికి అంత తేడా ఎక్కడ తెలుస్తుంది? "కేన్సర్ వాళ్ళ చేత కసరత్తు చేయించి చంపేశారట" అన్న మాట ఆటోస్టాండుల దాకా పాకింది. డాక్టర్ల ఫోన్లు ఆగిపోయాయి. పట్టీ లేకపోయినా నడక నడకే కదా, రండి, నేను పాత పద్ధతిలో చూసుకుంటానని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. "ఇంట్లో ఒప్పుకోవట్లేదమ్మా" అన్నవాళ్ళు మంచివాళ్ళు. కొందరు ఫోనే ఎత్తలేదు.

బంగార్రాజు గారింటికి వెళ్ళాను. కోడలు గుమ్మంలోనే ఆపింది.

"మామయ్యగారికి రెస్టివ్వమన్నారండీ. లేపకండి."

"చూసి వెళ్ళిపోతానమ్మా."

మళ్ళీ మంచమే. మీసం తిప్పిన మనిషి దుప్పటి కింద ఇంతవుతాడా! దుప్పటి తొలగించి పిక్క పట్టుకుంటే నా బొటనవేలూ చూపుడువేలూ కలిశాయి. ఆయన కళ్ళు తెరిచి చూసి, కోడలికి వినబడకుండా "రైట్ రైట్ అనే పిల్ల లేదు కదమ్మా ఇంక" అన్నాడు. నేను ఎంత నిలబెట్టానో అంతా కరిగిపోయి ఉంది అక్కడ. ఒక్క మాటతో కాపాడగలిగిన కాళ్ళు అవి. చచ్చిపోయినదానికి ఇచ్చిన మాట కోసం బతికున్నవాళ్ళని మంచానికప్పగించానే అని రోడ్డు మీద నడుస్తూ పైకే తిట్టుకున్నాను. కనకాన్ని కూడా తిట్టాను. దానికేం, హాయిగా దిగిపోయింది.

కార్తీకంలో హాలు ఖాళీ చేశాను. బోర్డు దింపించి, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, అద్దాలకి పాత దుప్పట్లు కడుతుంటే మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఒక పక్కకి ఒరిగే అడుగులు. చూడకుండానే తెలిసింది.

వరహాలమ్మ గారు ఆయాసపడుతూ వచ్చి గోడకి ఆనుకున్నారు. చేతిలో దిండు లేదు, ఫ్లాస్కు లేదు. చిన్న పొట్లంలో సింహాచలం ప్రసాదం ఉంది.

"ఊరంతా నిన్నేదో అంటోంది తల్లీ. నాను ఊరుకోలేదు. మా పిల్ల సివరి దాకా నడిసిందంటే ఆవిడ సలవేరా అని ఎదురెల్లి సెప్పాను. దాని రాత అంతవరకే ఉంది, నువ్వేటి సేస్తావు?"

నేను దుప్పటి ముడి వేస్తూనే ఉన్నాను. ముడి పడటం లేదు.

"ఇంట్లో కూకోలేకపోతున్నానమ్మా. పొద్దు గడవట్లేదు. అది లేదు, పని లేదు. నాకు కాళ్ళున్నాయి కదా. నీ దగ్గరికొచ్చీవోళ్ళలో ఓపిక లేనోళ్ళుంటారు కదా. పేరు సెప్పు తల్లీ, ఆల్ల పేరు సెప్పుకుని నాను నడిసి పెడతాను. మా కనకానికి నడిసినట్టే నడుస్తాను. ఆలైనా బతుకుతారేమో."

చెప్పేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి, గుడిలోకి వచ్చినట్టు లోపలికి వచ్చారు. ఆ మొహంలో కూతురి ముక్కు, కూతురి గడ్డం.

సామాన్ల పెట్టెలో మిగిలిపోయిన పట్టీ ఒకటుంది, మొట్టమొదట పరాంకుశం గారు నా కాలికి కట్టింది. అందులో ఇప్పుడు మిషను లేదు. గుండె తీసేసిన రబ్బరు ముక్క. దాన్ని తీసి, కింద కూర్చుని, ఆవిడ పిక్కకి కట్టాను.

"ఎవురి పేరు సెప్పుకోను తల్లీ?"

బంగార్రాజు గారి పేరు నోటి దాకా వచ్చింది. ఆయన పేరు పెట్టి ఇంకో అబద్ధం ఆడలేకపోయాను.

"నా పేరు చెప్పుకోండి," అన్నాను.

"నీకేటైంది తల్లీ?"

"ఓపిక లేదండీ."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, చేతులు జోడించి కొండ ఉన్న దిక్కుకి తిరిగి దణ్ణం పెట్టుకుని బయల్దేరారు. "వకుళమ్మ నడక, మా వకుళమ్మ నడక." ఖాళీ హాల్లో ఆ మాట గోడలకి కొట్టుకుని మళ్ళీ వినిపిస్తోంది. కిటికీ దాటారు. కుర్చీల పక్కనుంచి ఒరుగుతూ వచ్చారు. నాలుగైదు చుట్లు అయ్యాక ఆగి, చీర కొంచెం ఎత్తి, వంగి పట్టీ చూసుకున్నారు.

"దీపం రావట్లేదేటమ్మా? నాను సరిగ్గా నడవట్లేదేటి?"

"సరిగ్గానే నడుస్తున్నారండీ," అన్నాను. "వస్తుంది. నడవండి."

ఆవిడ సరేనని తలూపి మళ్ళీ మొదలెట్టారు.